రాయలసీమ మెట్టలో అడవినాభి: రూపాల గుర్తింపు, పెంపక పద్ధతులు

సారాంశం

అడవినాభి (గ్లోరియోసా సుపర్బా) దుంప ద్వారా ఎండాకాలాన్ని దాటి, తొలకరితో చిగురించే ఎగబాకు మొక్క. కర్నూలు, కడప ప్రాంతపు గుట్టలలో, పొదలలో, కంచెలలో ఇది సహజంగా పెరుగుతుంది. దీని విత్తనాలలో, దుంపలలో ఉండే కాల్చిసిన్ ఔషధంగా విలువైనది, అదే సమయంలో ప్రాణాంతక విషం కూడా. ఈ మొక్కలోని వివిధ రూపాలను పూల రంగును బట్టి వేరు చేయడం వాడుకలో ఉన్నప్పటికీ, రంగు పువ్వు వయసుతో మారుతుంది కనుక అది నమ్మదగిన లక్షణం కాదు. దుంప, ఆకు, పూరేకు అంచు, క్రోమోజోముల సంఖ్య ఆధారంగా రూపాలను గుర్తించే విధానాన్ని, మెట్ట పరిస్థితులకు తగిన పెంపక పద్ధతిని, నాటు దుంపల కొరత వెనుక ఉన్న లెక్కను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: అడవినాభి, గ్లోరియోసా, కాల్చిసిన్, దుంప, రూప వైవిధ్యం, నాటు సామగ్రి, రాయలసీమ

ఉపోద్ఘాతం

పూర్వపు కర్నూలు జిల్లాకు ఏడాదికి సుమారు 670 మి.మీ., కడప జిల్లాకు సుమారు 700 మి.మీ. వర్షపాతం సాధారణం. ఈ వాన కొద్ది నెలలలోనే కురుస్తుంది. కడపలో నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాల వాటా కూడా గణనీయంగా ఉంటుంది. ఫిబ్రవరి నుండి మే వరకు నేల పైపొరలో తేమ దాదాపుగా ఉండదు. ఇటువంటి చోట బహువార్షిక మొక్కలు నిలదొక్కుకోవడానికి ఎంచుకున్న మార్గాలలో దుంప ఒకటి. నీటిని, పిండి పదార్థాన్ని నేలలో దాచుకొని, పైభాగాన్ని ఎండబెట్టి, మరుసటి వాన కోసం వేచి ఉండటమే ఈ మార్గం.

నల్లమల, ఎర్రమల, వెలిగొండ, పాలకొండ, లంకమల, శేషాచలం కొండల వాలులలో ఇటువంటి దుంప మొక్కలు అనేకం ఉన్నాయి. వాటిలో పువ్వు అందం చేతను, ఔషధ విలువ చేతను, విషం చేతను అడవినాభి ప్రత్యేకమైనది. తమిళనాడులోని దిండిగల్, కరూర్, తిరుప్పూర్ ప్రాంతాలలో దీనిని కణ్వలి కిళంగు పేరుతో విత్తనం కోసం పొలాలలో సాగు చేస్తున్నారు. అక్కడి నేల, వాన, ఎండ రాయలసీమకు చాలా దగ్గరగా ఉండటం వల్ల ఇక్కడి మెట్ట రైతులు కూడా ఈ పంట గురించి విచారిస్తారు. అప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఎదుర్కొనే మొదటి ప్రశ్న ఎరువుల గురించో నీటి గురించో కాదు, ఏ రూపపు దుంపను నాటాలి, దానిని ఎలా గుర్తుపట్టాలి అన్నదే. ఈ ప్రశ్నకు సరైన సమాధానం లేకుండా మొదలుపెట్టిన సాగు అడవికి నష్టం చేస్తుంది, రైతుకు లాభం తేదు.

పేర్లు, వర్గీకరణ

తెలుగులో ఈ మొక్కకు అడవినాభి, పొత్తిదుంప, కలప్పగడ్డ, అగ్నిశిఖ అనే పేర్లు ఉన్నాయి. సంస్కృతంలో లాంగలి అంటారు. లాంగలం అంటే నాగలి. వంగిన దుంప నాగలిని పోలి ఉండటమే ఆ పేరుకు కారణం. తమిళంలో కలప్పై అన్నా నాగలే కనుక కలప్పగడ్డ అనే పేరు కూడా అదే పోలికను సూచిస్తుంది.

ఈ పేర్లలో రెండు ప్రమాదకరమైన గందరగోళాలు ఉన్నాయి. మొదటిది నాభి అనే మాట. మూలికల దుకాణాలలో నాభి లేదా వసనాభి అంటే హిమాలయాలలో పెరిగే అకోనైటం జాతి వేరుదుంప. అది కూడా తీవ్ర విషమే, కానీ దాని రసాయనం వేరు, లక్షణాలు వేరు, చికిత్స వేరు. రెండవది అగ్నిశిఖ. సంస్కృత నిఘంటువులలో ఈ పదం కుంకుమపువ్వుకు కూడా కనిపిస్తుంది. అందువల్ల వాడుక పేరు ఒక్కదానినే ఆధారం చేసుకొని నమూనాను నమోదు చేయరాదు. శాస్త్రీయ నామం, సేకరించిన గ్రామం, తేదీ, ఎండబెట్టిన నమూనా తప్పనిసరి.

లిన్నేయస్ 1753లో గ్లోరియోసా సుపర్బాకు నామకరణం చేశాడు. ఆ తరువాత ఆఫ్రికా, ఆసియా ఖండాలలో కనిపించిన భిన్న రూపాలకు వేర్వేరు జాతి నామాలు వచ్చాయి. పూరేకు అంచులో ముడతలు లేని రూపాన్ని సింప్లెక్స్ అని, వెడల్పైన ముదురు ఎరుపు పూరేకులు గల తూర్పు ఆఫ్రికా రూపాన్ని 1903లో రాత్స్‌చైల్డియానా అని, పూర్తిగా పసుపుగా ఉండే రూపాన్ని ల్యూటియా అని పిలిచారు. తరువాతి పరిశీలనలలో వీటి మధ్య స్పష్టమైన గీత గీయడం సాధ్యం కాకపోవడంతో వృక్షశాస్త్రజ్ఞులు వీటిలో చాలా వాటిని సుపర్బా జాతిలోనే కలిపివేశారు. పూల వ్యాపారంలో మాత్రం పాత పేర్లు రకాల పేర్లుగా నేటికీ కొనసాగుతున్నాయి. జపాన్‌లోని కోచి ప్రాంతంలో కోతపువ్వుగా పెంచేవి అటువంటి తోట రకాలే. ఈ ప్రజాతి ఒకప్పుడు లిల్లీ కుటుంబంలో ఉండేది. ఇప్పుడు కాల్చికేసీ కుటుంబంలో ఉంది.

మొక్క నిర్మాణం

దుంప స్తంభాకారంలో ఉండి, రెండు చేతులుగా చీలి, ఆంగ్ల అక్షరం ‘వి’ లేదా ‘ఎల్’ ఆకారంలో కనిపిస్తుంది. చాలాసార్లు ఒక చేయి పొడవుగా, మరొకటి పొట్టిగా ఉంటుంది. ప్రతి చేతికి మొలకెత్తే కన్ను ఒక్కటే. అది చేతి కొనలో ఉంటుంది. బంగాళాదుంపలో వలె దుంప అంతటా కన్నులు ఉండవు. కాబట్టి కొన విరిగితే ఆ చేయి ఎంత బలిసినదైనా నాటడానికి పనికిరాదు. మొక్క పెరిగే కొద్దీ పాత దుంప కృశించి, సీజను చివరికి దాని స్థానంలో కొత్త దుంప ఏర్పడుతుంది. అంటే మట్టిలో కనిపించే దుంప ఆ ఏడాదిదే.

కాండం సన్నగా ఉండి ఆధారాన్ని పట్టుకొని పైకి పోతుంది. ఆకులకు కాడ ఉండదు. అవి బల్లెపు మొన ఆకారంలో, సమాంతర ఈనెలతో ఉంటాయి. ఒకే మొక్కపై ఏకాంతరంగా, అభిముఖంగా, మూడేసి చక్రీయంగా కూడా అమరి ఉండవచ్చు. పై ఆకుల కొన సాగి నులితీగగా చుట్టుకుంటుంది. అడుగు ఆకులకు నులితీగ ఉండదు.

పువ్వులు పై ఆకుల పంచలలో ఒంటరిగా, పొడవైన కాడపై వేలాడుతూ వస్తాయి. ఆరు పూరేకులు వెనుకకు మడిచి పైకి లేచి మంటను తలపిస్తాయి. ఆరు కేసరాలు చుట్టూ విచ్చుకొని ఉంటాయి. కీలం అండాశయం దగ్గరే దాదాపు లంబకోణంలో పక్కకు వంగుతుంది. ఈ వంపు వల్ల కీలాగ్రం తన పువ్వులోని పుప్పొడికి దూరమై, పరపరాగ సంపర్కానికి అవకాశం పెరుగుతుంది. సీతాకోకచిలుకలు, తేనెటీగలు, తేనెపిట్టలు పువ్వులను సందర్శిస్తాయి. కాయ మూడు గదుల గుళిక. అది ఎండి పగిలినప్పుడు ఎర్రటి పైపొర గల గుండ్రని విత్తనాలు కనిపిస్తాయి.

రాయలసీమ పరిస్థితులలో మే చివర, జూన్ వానలకు మొలక, జూలై చివరి నుండి అక్టోబరు వరకు పూత, అక్టోబరు నుండి డిసెంబరు వరకు కాయ, ఆ తరువాత పైభాగం ఎండటం సామాన్య క్రమం.

రంగు కలిగించే భ్రమ

మొగ్గ ఆకుపచ్చగా ఉంటుంది. విచ్చుకున్నప్పుడు పూరేకు ఆకుపచ్చ ఛాయ గల పసుపులో ఉంటుంది. తరువాత పైభాగం నారింజ రంగుకు, ఆపై ఎరుపుకు తిరుగుతుంది. అడుగుభాగం కొంతకాలం పసుపుగానే నిలుస్తుంది. సుమారు వారం రోజులలో పూరేకు మొత్తం ముదురు ఎరుపుగా మారుతుంది. ఒకే తీగపై పైనున్న లేత పువ్వు పసుపుగా, కిందనున్న పాత పువ్వు ఎరుపుగా కనిపించడానికి కారణం ఇదే. నీడలో ఉన్న మొక్కలో, ఎండలో ఉన్న మొక్కలో ఈ మార్పు ఒకే గాఢతతో కనిపించకపోవచ్చు.

ఒక గుట్టపై ఉదయం చూసిన ‘పసుపు రకం’, నాలుగు రోజుల తరువాత చూసిన ‘ఎరుపు రకం’ ఒకటే కావడానికి అవకాశం ఉంది. ఒక్క సందర్శనలో తీసిన ఛాయాచిత్రంతో రూపాన్ని నిర్ణయించడం ఇందువల్లనే చెల్లదు. నిజమైన పసుపు రూపం కూడా ఉంది. అయితే అందులో పువ్వు వాడిపోయే వరకు పసుపుగానే ఉంటుంది. ఆ సంగతి తెలియాలంటే ఒకే పువ్వును మొగ్గ దశ నుండి వాడే వరకు చూడక తప్పదు.

సైక్లమెన్ నేర్పే పాఠం

రూపాల గుర్తింపులో ఇటువంటి చిక్కు అడవినాభికి మాత్రమే పరిమితం కాదు. మధ్యధరా ప్రాంతపు సైక్లమెన్ ఇందుకు మంచి ఉదాహరణ. అది వేరే కుటుంబానికి చెందినప్పటికీ, వెనుకకు మడిచిన పూరేకులు, నేలలో దుంప, ఏటా కొన్ని నెలల నిద్ర అనే మూడు విషయాలలో అడవినాభిని పోలి ఉంటుంది. మధ్యధరా ప్రాంతంలో వాన చలికాలంలో కురుస్తుంది కనుక అక్కడి సైక్లమెన్ జాతులు చాలా వరకు వేసవిలో నిద్రించి, శరత్కాలం నుండి వసంతం వరకు ఎదుగుతాయి. వానాకాలంలో ఎదిగి, చలికాలం చివర నుండి వేసవి వరకు నిద్రించే అడవినాభికి ఇది తలకిందుల క్యాలెండరు.

చలిని తట్టుకొనే సైక్లమెన్ జాతులలో ఆకులపై వెండి మచ్చలు, గీతలు విపరీతమైన వైవిధ్యం చూపుతాయి. హెడెరిఫోలియం అనే జాతిలో గులాబీ, తెలుపు పువ్వులు రెండూ ఉన్నాయి, ఆకు ఆకారంలోనూ ఎన్నో తేడాలు ఉన్నాయి. అనుభవజ్ఞులైన పెంపకందారులు జాతిని తేల్చడానికి ఆకుతో పాటు దుంపను కూడా తిరగేసి చూస్తారు. హెడెరిఫోలియం దుంపలో వేళ్లు ప్రధానంగా పైభాగం నుండి, పక్కల నుండి వస్తాయి. కోయం జాతిలో అడుగుభాగపు మధ్య నుండి వస్తాయి. పూసే కాలం కూడా వేరు. మొదటిది శరత్కాలంలో, రెండవది చలికాలం చివర పూస్తుంది. కంటికి ఇంపైన లక్షణం రూపాన్ని చెప్పవచ్చు గాని, జాతిని తేల్చేది స్థిరమైన లక్షణమే అన్నది ఈ ఉదాహరణ సారం.

కుండీ మొక్కగా అమ్మే సైక్లమెన్‌ను కర్నూలు, కడప వేసవిలో ఆరుబయట నిలపడం ఆచరణసాధ్యం కాదు. ఇక్కడి నేలకు, ఇక్కడి ఎండకు తగిన అందమైన దుంప మొక్క అడవినాభే. కాబట్టి పై పాఠాన్ని దీనికి అన్వయించుకోవడం ఉచితం.

క్షేత్రంలో గుర్తింపు సోపానాలు

రూపాలను వేరు చేయడానికి ముందు మొక్క అడవినాభియేనని నిర్ధారించుకోవాలి. తినదగిన అడవి దుంపలతో పొరపాటు పడితే ప్రాణాపాయం. నల్లమల చెంచులు డయాస్కోరియా జాతి దుంపలను తరతరాలుగా ఆహారంగా సేకరిస్తున్నారు. మొక్కలను వేరు చేసే వారి జ్ఞానం లోతైనది. ఆ జ్ఞానం లేనివారు దుంప ఒక్కదానినే చూసి నిర్ణయించినప్పుడు ప్రమాదం ఏర్పడుతుంది. ఈ కింది క్రమం ఉపయోగపడుతుంది.

1. ఆకు ఈనెలు: అడవినాభిలో సమాంతరంగా ఉంటాయి. ఈనెల మధ్య వల వంటి అల్లిక ఉండి, ఆకు హృదయాకారంలో ఉంటే అది డయాస్కోరియా కావచ్చు. గెనుసుగడ్డ ఆకులోనూ ఈనెలు వల వలె ఉంటాయి.

2. ఎగబాకే తీరు: అడవినాభి ఆకు కొనలోని నులితీగతో పట్టుకుంటుంది. డయాస్కోరియాలో కాండమే ఆధారాన్ని చుట్టుకుంటుంది, నులితీగ ఉండదు.

3. ఆకు కాడ: అడవినాభిలో ఉండదు. డయాస్కోరియాలోనూ గెనుసులోనూ స్పష్టంగా ఉంటుంది.

4. దుంప: అడవినాభిలో చీలిన రెండు చేతులు, కొనలో ఒక్కొక్క కన్ను. పిల్లిపీచరలో వేళ్ల వంటి దుంపలు గుత్తిగా ఉంటాయి. సెరోపీజియా జాతులలో దుంప చిన్నదిగా, గుండ్రంగా లేదా బిళ్లగా ఉంటుంది, ఆకులు అభిముఖంగా ఉంటాయి.

5. పువ్వు లేదా కాయ: పై నాలుగు లక్షణాలు సరిపోయినా, పువ్వునో కాయనో చూసే వరకు నిర్ధారణ పూర్తి కాదు. నిద్రాదశలో తవ్విన దుంపను ‘గుర్తించినది’గా నమోదు చేయరాదు.

రూపాలను పోల్చే విధానం

అడవినాభియేనని తేలిన తరువాత రూపాల పరిశీలన మొదలవుతుంది. పూరేకు పొడవు, వెడల్పుల నిష్పత్తి, అంచులో ముడతల తీవ్రత, ముడతలు అంచు అంతటా ఉన్నాయా లేక అడుగు భాగానికే పరిమితమా, ఆకు వెడల్పు, మొక్క ఎత్తు, దుంప చేతుల పొడవు, బరువు అనేవి నమోదు చేయవలసిన లక్షణాలు. సన్నని పూరేకు, అంచంతా గాఢమైన ముడతలు సుపర్బా రూపానికి గుర్తు. వెడల్పైన పూరేకు, తక్కువ ముడతలు రాత్స్‌చైల్డియానా వర్గపు తోట రూపాలకు గుర్తు. ముడతలు లేని అంచు సింప్లెక్స్ అని పిలిచిన రూపానిది.

రంగును నమోదు చేయడం మానవలసిన పని లేదు. దానికి వయసును జోడిస్తే చాలు. మొగ్గకు చీటీ కట్టి, విచ్చుకున్న రోజును సున్నా రోజుగా లెక్కించి, ప్రతిరోజూ ఒకే వేళకు రంగును రంగుల పట్టికతో పోల్చి రాయాలి. ఒక మొక్కపై కనీసం ఐదు పువ్వులను, ఒక సేకరణకు కనీసం పది మొక్కలను ఈ విధంగా చూస్తే, రెండు సేకరణల మధ్య తేడా నిజమో కాదో గణాంకపరంగా చెప్పడం సాధ్యమవుతుంది. పోల్చవలసినది ఒకే వయసు పువ్వులను మాత్రమే.

గుట్టపై కనిపించిన తేడా నేల వల్ల, నీడ వల్ల, తేమ వల్ల కూడా రావచ్చు. లంకమల రాతి వాలులో పొట్టిగా, సన్నాకులతో ఉన్న మొక్క, కుందూ లోయ కంచెలో నిలువెత్తు పెరిగిన మొక్క ఒకే జన్యువుల సంపుటి కావచ్చు. కాబట్టి వేర్వేరు చోట్ల సేకరించిన వాటిని ఒకే మడిలో, యాదృచ్ఛిక ఖండాల పద్ధతిలో, కనీసం మూడు పునరావృతాలతో, రెండు సీజన్లు పెంచాలి. మొదటి ఏడాది మొక్క పాత చోట దాచుకున్న ఆహారంతో పెరుగుతుంది కనుక మొదటి ఏడాది ఎత్తును, పూల సంఖ్యను తీర్పుకు వాడరాదు. కొత్త నేలలో ఏర్పడిన దుంప నుండి వచ్చిన రెండవ ఏటి మొక్కలో కూడా నిలిచిన తేడానే రూప భేదంగా పరిగణించాలి.

క్రోమోజోముల లెక్క ఈ పరిశీలనకు బలమైన తోడు. ఈ ప్రజాతిలో మూల సంఖ్య 11. ద్వయస్థితికంగా 22 క్రోమోజోములు గల మొక్కలతో పాటు 44, 66, 88 గల బహుస్థితిక రూపాలు కూడా నమోదయ్యాయి. వేర్వేరు స్థితికత గల మొక్కలను ఒకే పొలంలో కలిపి నాటితే, వాటి మధ్య సంకరణం వల్ల కాయ కట్టడం తగ్గవచ్చు, వచ్చిన సంతతి వంధ్యం కావచ్చు. విత్తనమే రాబడి అయిన పంటలో ఇది చిన్న విషయం కాదు. క్రోమోజోములను రెట్టింపు చేయడానికి ప్రపంచమంతటా ప్రజనకులు 1937 నుండి వాడుతున్న రసాయనం కాల్చిసిన్. అది ఈ మొక్కలోనే పుష్కలంగా ఉండటం విద్యార్థులు గమనించదగిన అంశం. 

పెంపక పద్ధతులు

నేల: నీరు నిలవని ఎర్ర ఇసుక నేలలు, గరుసు కలిసిన ఎర్ర నేలలు అనుకూలం. ఉదజని సూచిక 6 నుండి 7 వరకు ఉండటం మేలు. నల్లరేగడిలో వానలకు నీరు నిలిచి దుంప కుళ్లుతుంది. తప్పనిసరి అయితే ఎత్తైన మడులపై, ఇసుక, పశువుల ఎరువు కలిపి మాత్రమే నాటాలి.

నాటడం: జూన్, జూలై నెలలు తగినవి. 50 నుండి 60 గ్రాముల బరువు గల, కొన చెడని దుంప చేతులను ఎంచుకోవాలి. రెండు చేతులను వేరు చేసేటప్పుడు కోసిన చోటును నీడలో ఆరనివ్వాలి. 0.1 శాతం కార్బండజిమ్ ద్రావణంలో 30 నిమిషాలు ఉంచి, నీడన ఆరబెట్టి నాటాలి. బోదెలపై 60 × 45 సెం.మీ. దూరంలో, 5 నుండి 8 సెం.మీ. లోతులో దుంపను అడ్డంగా పడుకోబెట్టి, కన్ను విరగకుండా మట్టి కప్పాలి.

ఆధారం: మొలక జానెడు ఎత్తుకు రాకముందే ఆధారం సిద్ధంగా ఉండాలి. ఆధారం అందని తీగ నేలపై పాకి కొన విరుగుతుంది, పూత తగ్గుతుంది. తమిళనాడులో వరుసల వెంట తీగలు కట్టి, వాటికి ఎండు కంపను ఆనిస్తారు. సీమ గుట్టలపై విరివిగా దొరికే బందారు కంప ఇందుకు పనికివస్తుంది.

నీరు: మొలక, పూత, కాయ కట్టే దశలలో బెట్ట రాకుండా చూడాలి. బిందు సేద్యం ఉత్తమం. కాయ ముదిరిన తరువాత నీరు ఆపివేయాలి. నిద్రాదశలో నీరు పెట్టడం దుంప కుళ్లుకు దారి తీస్తుంది.

పరాగ సంపర్కం: కీలం వంపు వల్ల కీటకాలు తక్కువగా ఉన్న చోట కాయ సరిగా కట్టదు. అందువల్ల సాగు పొలాలలో ఉదయం వేళ మెత్తని కుంచెతో ఒక మొక్క పుప్పొడిని మరొక మొక్క కీలాగ్రానికి అందిస్తారు. రూపాల పరీక్ష మడిలో మాత్రం ఏ పువ్వును దేనితో కలిపినదీ చీటీపై రాసి, పువ్వుకు సంచి తొడగాలి.

సస్యరక్షణ: నలుపు, ఎరుపు, పసుపు మచ్చలు గల లిల్లీ పురుగు (పాలిటెలా గ్లోరియోసే) గొంగళి ఆకులను పూర్తిగా తినివేస్తుంది. తొలిదశలో గుడ్లను, పిల్ల పురుగులను ఏరివేయడం సమర్థమైన మార్గం. వాన, మబ్బు వాతావరణంలో ఆల్టర్నేరియా ఆకుమాడు, నీరు నిలిచిన చోట స్క్లెరోషియం దుంపకుళ్లు కనిపిస్తాయి. మురుగు నీరు పోయే దారి, ఆరోగ్యకరమైన నాటు దుంప ఈ తెగుళ్లకు మొదటి నివారణ.

కోత: నాటిన 160 నుండి 180 రోజులకు కాయల పైపొర ముడతలు పడి రంగు మారుతుంది. పగలక ముందే కోసి, నీడలో ఆరబెట్టి, విత్తనాన్ని వేరు చేయాలి.

నాటు దుంపల లెక్క

పై దూరంలో హెక్టారుకు సుమారు 37,000 మొక్కలు పడతాయి. దుంప 50 నుండి 60 గ్రాములైతే 1,850 నుండి 2,220 కిలోల నాటు సామగ్రి కావాలి. ఒక చేయి నాటితే సీజను చివరికి సాధారణంగా రెండు చేతుల దుంప వస్తుంది. అంటే ఏడాదికి వృద్ధి రెండింతలు మాత్రమే. నష్టమేమీ లేదనుకున్నా, గుర్తించిన ఒక మంచి రూపపు 100 దుంపలు ఎనిమిది సీజన్లకు 25,600, తొమ్మిది సీజన్లకు 51,200 అవుతాయి. ఒక హెక్టారు నాటడానికి తొమ్మిదేళ్లు వేచి ఉండాలి.

అడవి నుండి దుంపలు తవ్వడం వెనుక ఉన్న అసలు కారణం ఈ లెక్కలోనే ఉంది. తొమ్మిదేళ్ల పనిని ఒక వేసవిలో పూర్తి చేయాలనుకున్నవారు గుట్టలను ఆశ్రయిస్తారు. ఒక హెక్టారు సాగు కోసం 37,000 దుంప చేతులు తవ్వితే, రెండు చేతులున్న దుంపలుగా లెక్కించినా సుమారు 18,500 మొక్కలు అడవి నుండి మాయమవుతాయి. నిద్రాదశలో తవ్విన ఆ దుంపలకు రూపం తెలియదు, స్థితికత తెలియదు, కొన్ని అడవినాభి కాకపోవచ్చు కూడా. రిజర్వు అడవిలో అనుమతి లేని తవ్వకం నేరం. వాణిజ్య వినియోగానికి 2002 జీవవైవిధ్య చట్టం నిబంధనలు కూడా వర్తిస్తాయి.

ఇందుకు ప్రత్యామ్నాయం విత్తనం. ఒక్కొక్క కాయలో పదుల సంఖ్యలో గింజలు ఉంటాయి కనుక సంఖ్య సమస్య తీరుతుంది. అయితే మొలక నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పై ఎర్రపొరను తొలగించి, కడిగి, నీడ ఉన్న నారుమడిలో ఇసుక, ఎరువు మిశ్రమంలో విత్తాలి. మొదటి ఏడాది నారు చిన్న దుంపను మాత్రమే తయారు చేస్తుంది. పూతకు మూడు, నాలుగు ఏళ్లు పడుతుంది. పరపరాగ సంపర్కం వల్ల సంతతి తల్లిని పోలకపోవచ్చు.

కాబట్టి రెండు మార్గాలకు రెండు వేర్వేరు పనులు అప్పగించడం సమంజసం. గుర్తించిన రూపాన్ని యథాతథంగా నిలుపుకోవడానికి దుంప, సంఖ్యను పెంచడానికి విత్తనం. ఒకే రూపపు మొక్కలను ఇతర రూపాలకు దూరంగా ఉంచి, వాటి మధ్యనే సంపర్కం జరిపించి, ఆ విత్తనంతో నారు పెంచితే నాలుగేళ్లలో కొంత ఏకరూపత గల నాటు సామగ్రి లభిస్తుంది. ఇది తొమ్మిదేళ్ల నిరీక్షణకూ, అడవి తవ్వకానికీ మధ్యనున్న న్యాయమైన దారి. పరిశోధనా క్షేత్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, రైతు నారుమడులు చేపట్టదగిన పని ఇదే.

విషం, జాగ్రత్తలు

మొక్కలోని అన్ని భాగాలూ విషపూరితమే. దుంపను ఉడికించినా విషం పోదు. తిన్న కొద్ది గంటలలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఆ తరువాత ఒకటి నుండి ఏడు రోజులలో మూత్రపిండాలు, ఎముక మజ్జ, గుండె దెబ్బతినవచ్చు. బతికి బయటపడినవారిలో రెండు వారాల సమయానికి జుట్టు రాలడం కనిపిస్తుంది. కిలో శరీర బరువుకు 0.8 మి.గ్రా. మించిన కాల్చిసిన్ దాదాపు ప్రాణాంతకమని వైద్యులు పరిగణిస్తారు. సులభంగా లభించే విరుగుడు మందు లేదు. అనుమానం కలిగిన వెంటనే, లక్షణాల కోసం ఎదురుచూడక, మొక్క భాగాన్ని వెంట తీసుకొని ఆసుపత్రికి చేర్చడమే చేయవలసిన పని. ఆ మొక్క వసనాభి కాదు, అడవినాభి అన్న సమాచారం వైద్యునికి చికిత్సలో కీలకమవుతుంది. నాటువైద్యంలో ప్రసవం కోసం, గర్భస్రావం కోసం ఈ దుంపను వాడటం అత్యంత ప్రమాదకరం.

దుంపలను, విత్తనాలను ఆహార ధాన్యాలతో, కూరగాయలతో కలిపి నిల్వ చేయరాదు. సంచులపై విషమని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, తాళం గల గదిలో ఉంచాలి. కోయడం, ఆరబెట్టడం, విత్తనం ఒలవడం వంటి పనులలో చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ అవసరం. ఎర్రటి విత్తనాలు పిల్లలను ఆకర్షిస్తాయి కనుక ఇళ్ల వద్ద, పాఠశాలల వద్ద ఈ మొక్కను అలంకారం కోసం నాటరాదు. పంట వ్యర్థాలను పశువులకు వేయరాదు. తీరప్రాంత ఆస్ట్రేలియాలో తోటల నుండి తప్పించుకున్న గ్లోరియోసా ఇసుక దిబ్బలను ఆక్రమించి కలుపుగా మారింది. విదేశీ తోట రూపాలను గుట్టల సమీపంలో పెంచేటప్పుడు ఈ ఉదాహరణను దృష్టిలో ఉంచుకోవాలి. స్థానిక రూపాలతో అవి సంకరం చెందితే గుట్టల వైవిధ్యమే మారిపోతుంది.

ముగింపు

అడవినాభి రాయలసీమ మెట్టకు కొత్త పంట కావచ్చు గాని, కొత్త మొక్క కాదు. ఇక్కడి వాన క్రమానికి తగినట్లు తన నిద్రను, మెలకువను ఏర్పరచుకున్న మొక్క ఇది. దీనిని పొలంలోకి తీసుకురావడానికి ముందు జరగవలసిన పని ఇక్కడి రూపాలను సక్రమంగా నమోదు చేయడం. పువ్వు వయసుతో కలిపి రాసిన రంగు, ఒకే మడిలో రెండు సీజన్ల పోలిక, దుంప కొలతలు, క్రోమోజోముల సంఖ్య అనే నాలుగు ఆధారాలు ఉంటేనే ఒక రూపానికి పేరు పెట్టాలి. ఆ పేరుతోనే దుంప రైతు చేతికి చేరాలి. విత్తనం కొనే సంస్థతో ముందస్తు ఒప్పందం లేకుండా, మూలం తెలియని దుంపలతో సాగు ప్రారంభించమని రైతుకు సలహా ఇవ్వరాదు. నాటు దుంప ఎక్కడి నుండి వచ్చిందో రాతపూర్వకంగా చెప్పలేని చోట, ఆ దుంప గుట్ట నుండే వచ్చిందని భావించి తిరస్కరించడం విస్తరణ శాస్త్రవేత్త పాటించదగిన నియమం.